రక్తంలో మాత్ర లెక్క

ఫిట్స్ మందు వాడుతున్నవాళ్లకు డాక్టర్లు అప్పుడప్పుడూ ఓ రక్తపరీక్ష రాస్తారు. వేసుకున్న మందు ఒంట్లో ఎంత ఉందో చెప్పే పరీక్ష అది. రిపోర్టులో ఓ అంకె వస్తుంది. దాన్ని సరిగా చదివితే ప్రాణానికి రక్ష. తప్పుగా చదివితే... చక్కగా సాగుతున్న వైద్యానికి అదే గండి కొడుతుంది.

ఓ ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంట్లో అమ్మాయికి రెండేళ్లుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. చదువు సాగుతోంది. ఎందుకైనా మంచిదని రక్తపరీక్ష చేయించారు. రిపోర్టులో ఫినైటాయిన్ '8' అని వచ్చింది. పక్కనే 'ఉండాల్సింది 10 నుంచి 20' అని అచ్చేసి ఉంది. ఇంకేముంది, ఇంట్లో కంగారు మొదలు. 'మందు చాలడం లేదట, ఇంకో మాత్ర పెంచాలేమో!'

ఇప్పుడు ఇంకో ఇల్లు. అక్కడ ఇంటిపెద్దకు మాట ముద్దగా వస్తోంది. నడిస్తే తూలుతున్నాడు. తాగి తిరుగుతున్నాడని చుట్టుపక్కలవాళ్లు, జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు. తీరా పరీక్ష చేయిస్తే అంకె 35. ముదిరింది జబ్బు కాదు, ఎక్కువైంది మందు!

మొదటి ఇంట్లో అంకె చూసి భయపడాల్సిన పనిలేదు. రెండో ఇంట్లో అంకె చూడకపోతే ప్రమాదం. పరీక్ష ఒకటే, మందు ఒకటే. మరి ఈ తేడా ఏమిటి? మూర్ఛతో బతుకుతున్న ప్రతి కుటుంబమూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. మనదేశంలో వీళ్ల సంఖ్య కోటికి పైనేనని అంచనా. సరైన మందు సరిగా వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు. కిటుకంతా ఆ 'సరిగా' అన్న మాటలోనే ఉంది. ఎందుకంటే ఇది వారం రోజులు వాడి పక్కన పడేసే మందు కాదు. ఏళ్ల తరబడి రోజూ వేసుకోవాలి. తగ్గితే ఫిట్స్, పెరిగితే విషం. ఆ రెండింటికీ మధ్య ఉన్న సన్నటి గట్టు మీద నడవాలి.

చెరువు, తూము, కట్ట

ఈ పరీక్ష అవసరం అన్ని మందులకూ ఒకేలా ఉండదు. అందరికంటే ఎక్కువగా కావాల్సింది ఫినైటాయిన్‌కు. ఎప్టోయిన్ పేరుతో మన ఇళ్లలో చాలామందికి తెలిసిన మాత్ర ఇదే. చవక, పాతది, బాగా పనిచేస్తుంది. కానీ దానికో పెంకితనం ఉంది.

ఒంట్లోకి వెళ్లిన మందును కాలేయం విరిచి బయటికి పంపిస్తుంది. చాలా మందుల విషయంలో ఎక్కువ వేసుకుంటే కాలేయం ఎక్కువ పనిచేస్తుంది. మోతాదు రెట్టింపయితే రక్తంలోనూ రెట్టింపవుతుంది. లెక్క సూటిగా ఉంటుంది. ఫినైటాయిన్ దగ్గర ఆ లెక్క తప్పుతుంది.

ఓ చెరువు అనుకోండి. దానికి తూము ఒక్కటే. వాగునుంచి వచ్చే నీరు తూములోంచి పోయే నీటికంటే తక్కువగా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. తూము పూర్తిగా తెరిచాక, వాగులోకి ఇంకో పాయ వచ్చి కలిసిందా... నీటిమట్టం చూస్తుండగానే కట్ట అంచుకు వచ్చేస్తుంది. పెరిగిన నీరు కొంచెమే, పెరిగిన మట్టం మాత్రం చాలా ఎక్కువ.

ఫినైటాయిన్‌ను విరిచే కాలేయపు ఎంజైములు సరిగ్గా ఆ తూములాంటివే. రోజుకు 300 మిల్లీగ్రాములు వేసుకునే మనిషి రక్తంలో మందు 10 ఉందనుకుందాం. మోతాదును 400 చేస్తే మామూలు లెక్కన 13, 14 ఉండాలి. కానీ కొందరిలో 30 దాటి 40కి కూడా చేరుతుంది. అందుకే అనుభవమున్న డాక్టర్లు ఫినైటాయిన్‌ను ఒకేసారి వంద పెంచరు. 25, 50 చొప్పున పెంచి, రక్తం చూసి మరీ ముందుకెళ్తారు. 'ఒక మాత్రేగా, ఏమవుతుంది' అన్న మాట ఈ మందు దగ్గర పనికిరాదు.

ఇంతకీ ఈ అంకెలు ఏమిటంటే... మిల్లీలీటరు రక్తరసంలో ఎన్ని మైక్రోగ్రాముల మందు ఉందన్న లెక్క. ఫినైటాయిన్‌కు సాధారణంగా 10 నుంచి 20 అని రాస్తారు. కార్బమజపైన్‌కు 4 నుంచి 12. వాల్‌ప్రోయేట్‌కు 50 నుంచి 100.

కళ్లు ముందు చెబుతాయి

మూర్ఛకు ఫినైటాయిన్ పనిచేస్తుందని అమెరికాకు చెందిన మెరిట్, పట్నమ్ అనే వైద్యులు 1938లో చాటారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా డాక్టర్లు రోగిని చూసి, అడిగి, అంచనా వేసి మోతాదు నిర్ణయించేవారు. రక్తంలో మందును కొలిచి, దాన్ని ఫిట్స్‌తోనూ దుష్ఫలితాలతోనూ పోల్చిచూసే పరిశోధనలు 1960 ప్రాంతంలో ఊపందుకున్నాయి.

1964లో అమెరికాలో కుట్ బృందం ప్రచురించిన పరిశోధన ఇప్పటికీ వైద్య విద్యార్థుల పాఠాల్లో ఉంది. మందు 20 దాటితే కళ్లు పక్కకు తిప్పినప్పుడు కనుగుడ్లు అదురుతాయి. 30 దాటితే నడక తూలుతుంది. 40 దాటితే మగత, మనసు మందగించడం. మెట్లు ఎక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటి. అందరిలోనూ ఇదే వరస కచ్చితంగా ఉండకపోవచ్చు. కానీ ఫినైటాయిన్ వాడే మనిషి నడక మారితే మొదట అనుమానించాల్సింది మాత్రనే అన్నది ఆ పాఠం సారాంశం. ఇంకో చిత్రం ఏమిటంటే, మందు మరీ ఎక్కువైతే కొందరిలో ఫిట్స్ తగ్గకపోగా పెరుగుతాయి కూడా. అప్పుడు పరీక్ష చేయించకుండా మోతాదు పెంచడమంటే నిప్పులో నూనె పోయడమే.

బ్రిస్బేన్ మాత్రలు

ఈ రక్తపరీక్ష విలువేమిటో లోకానికి తెలిపిన సంఘటన ఒకటుంది. 1968లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో ఫినైటాయిన్ వాడుతున్న రోగులు ఒకరి తర్వాత ఒకరు డాక్టర్ల దగ్గరికి రావడం మొదలైంది. తూలుతున్నామని కొందరు, మగతగా ఉందని కొందరు. పైగా వాళ్లంతా అంతకుముందు కుదురుగా ఉన్నవాళ్లే. మోతాదు పెంచలేదు. కొత్త జబ్బేమీ లేదు. రక్తం పరీక్షిస్తే ఫినైటాయిన్ ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ!

తీగ లాగితే డొంకంతా కదిలింది. గొట్టం మాత్రలో మందుతోపాటు పరిమాణం కోసం ఏదో ఒక పొడి కలుపుతారు. అప్పటిదాకా కాల్షియం సల్ఫేట్ కలిపేవారు. తయారీదారు దాన్ని మార్చి లాక్టోజ్ వేశాడు. మందు అదే, మిల్లీగ్రాములు అవే. కానీ పాత పొడి ఉన్నప్పుడు మందులో కొంత పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కకుండానే బయటికి పోయేది. పొడి మారేసరికి ఎక్కువ మందు రక్తంలో చేరింది. చెరువులోకి వాగు ఉధృతి పెరిగింది. తూము మాత్రం అంతే. డాక్టర్లు మోతాదు సర్దాక రోగులు తేరుకున్నారు. 1970లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసంలో 51 మంది రోగుల వివరాలున్నాయి. రక్తపరీక్షే లేకపోతే వాళ్లలో ఎందరి మీద 'జబ్బు ముదిరింది' అన్న ముద్ర పడేదో!

అలాగని కంపెనీ మారిన ప్రతిసారీ బెంబేలెత్తనక్కర్లేదు. చవకగా దొరికే జనరిక్ మందులన్నీ నాసిరకమని దీని అర్థం కాదు. లామోట్రిజిన్ అనే మూర్ఛ మందు మీద అమెరికాలో జరిగిన ఓ పరిశోధన 2016లో వెలువడింది. ఒక జనరిక్ నుంచి ఇంకో జనరిక్‌కు మార్చినా రక్తంలో మందు స్థాయి దాదాపు ఒకేలా ఉందని తేలింది. జాగ్రత్త పడాల్సింది ఎక్కువగా ఫినైటాయిన్‌లాంటి పెంకి మందుల దగ్గర. మందుల షాపులో 'అది లేదు, ఇదీ అదేనండీ' అంటే, ఆ సంగతి డాక్టరు చెవిన వేయండి. అప్పటినుంచి నడకలోనో చూపులోనో తేడా కనిపిస్తే రక్తం చూపించుకోండి.

గీత ఎవరు గీశారు?

మళ్లీ మొదటి ఇంటికి వద్దాం. '10 నుంచి 20' అన్నది దేవుడు గీసిన గీత కాదు. చాలామందిని చూసి, వాళ్లలో ఎక్కువమందికి ఎంత మందు దగ్గర ఫిట్స్ ఆగాయో, ఎంత దగ్గర ఇబ్బంది మొదలైందో గమనించి వేసుకున్న అంచనా. తేలికపాటి మూర్ఛ ఉన్నవాళ్లకు 7, 8 దగ్గరే ఫిట్స్ ఆగిపోతాయి. మొండి మూర్ఛ ఉన్న కొందరికి 20 దాటితేగానీ ఆగవు. ఆ స్థాయిలోనూ వాళ్లు హాయిగానే ఉండొచ్చు.

అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సంగతే చెబుతాయి. లేబొరేటరీ అచ్చేసే అంకెలు పోల్చుకోవడానికి మాత్రమే. అసలు చూడాల్సింది ఆ మనిషికి నప్పిన స్థాయి. అంటే ఫిట్స్ లేకుండా, మందు ఇబ్బందులు లేకుండా కుదురుగా ఉన్న రోజుల్లో ఆ మనిషి రక్తంలో ఎంత ఉందో అది. ఆ అంకె 8 అయితే ఆమెకు 8 సరైనదే. రిపోర్టులో గీత కింద ఉందని మాత్ర పెంచితే, లేని జబ్బును కొని తెచ్చుకున్నట్టే.

మరో మెలిక కూడా ఉంది. రక్తంలో చేరిన ఫినైటాయిన్‌లో దాదాపు 90 శాతం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. మెదడులో పనిచేసేది మిగిలిన 10 శాతమే. మామూలు పరీక్ష రెండింటినీ కలిపి చూపిస్తుంది. తిండి సరిగా లేక చిక్కిపోయినవాళ్లలో, కిడ్నీ జబ్బున్నవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో ఆల్బుమిన్ తగ్గుతుంది. వాళ్లకు మొత్తం అంకె తక్కువగా కనిపించినా, పనిచేసే మందు సరిపడా ఉండొచ్చు. ఒక్కోసారి ఎక్కువగానూ ఉండొచ్చు. అందుకే ఇలాంటివాళ్లకు డాక్టర్లు ఆల్బుమిన్ కూడా చూస్తారు. వీలైతే 'ఫ్రీ ఫినైటాయిన్' పరీక్ష రాస్తారు.

మరి అందరికీ మూడు నెలలకోసారి ఈ పరీక్ష చేయిస్తే మంచిదేగా? ఇటలీలో 180 మంది కొత్త రోగుల మీద చేసిన పరిశోధన 2000లో వచ్చింది. కొందరికి రక్తంలో స్థాయి చూసి, కొందరికి కేవలం రోగి పరిస్థితి చూసి మోతాదు నిర్ణయించారు. ఫిట్స్ అదుపులో రెండు వర్గాల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే పరీక్ష దండగని కాదు. ఊరికే చేయిస్తే లాభం లేదు, ప్రశ్న ఉన్నప్పుడు చేయిస్తేనే జవాబు దొరుకుతుంది.

దాచిన మాత్ర

బాగా అదుపులో ఉన్న మనిషికి ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రికి తీసుకొచ్చారు. మందు వేసుకుంటున్నావా అంటే 'రోజూ' అంటారు. వెంటనే రక్తం తీసి చూస్తే మందు జాడ అంతంతమాత్రం. మూర్ఛ వైద్యంలో ఇది తరచూ ఎదురయ్యే సంగతే.

మాత్ర మానేయడానికి కారణాలు ఎన్నో. డబ్బు కావచ్చు, మతిమరుపు కావచ్చు. శివరాత్రి ఉపవాసమో, రంజాన్ ఉపవాసమో కావచ్చు. మన దగ్గర అన్నింటికంటే చెప్పుకోలేని కారణం పెళ్లి. జబ్బు సంగతి దాచి పెళ్లి చేస్తారు. అత్తింట్లో మాత్ర ఎక్కడ పెట్టుకోవాలి, ఎవరూ చూడకుండా ఎప్పుడు వేసుకోవాలి? రెండు రోజులు తప్పుతుంది, మూడో రోజు ఫిట్స్ వస్తాయి. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ కూడా పెళ్లిని రద్దు చేసుకోవడానికి ఓ కారణంగా ఉండేది. 1999 సవరణతో దాన్ని తీసేశారు. చట్టం మారింది. ఇళ్లలో భయం మాత్రం ఇంకా పోలేదు.

ఇలాంటిచోట రక్తపరీక్షను దొంగను పట్టుకునే పోలీసులా వాడకూడదు. అంకె తక్కువ వచ్చిందని అందరి ముందూ నిలదీస్తే, ఆ అమ్మాయి ఇంకోసారి ఆస్పత్రి గడప తొక్కదు. పక్కకు పిలిచి 'మాత్ర వేసుకోవడం ఎక్కడ కష్టమవుతోందమ్మా' అని అడిగితే దారి దొరుకుతుంది. రోజుకు మూడుసార్లు వేసుకునే మందును ఒకటి, రెండుసార్లకు మార్చే వీలుండొచ్చు. ఇంకో సంగతి... అంకె బాగున్నంత మాత్రాన రోజూ వేసుకుంటున్నట్టూ కాదు. పరీక్ష ఉందని తెలిసి నాలుగు రోజుల ముందునుంచి బుద్ధిగా వేసుకునేవాళ్లూ ఉంటారు!

పక్క మందుతో పేచీ

మూర్ఛ మందులు ఒంటరిగా ఉన్నప్పుడు ఒకలా, పక్కన మరో మందు చేరితే మరోలా ప్రవర్తిస్తాయి. మనదేశంలో ఎక్కువగా గుర్తుపెట్టుకోవాల్సింది క్షయ మందుల గురించి. ఐసోనియాజిడ్ కాలేయం పనిని నెమ్మదింపజేసి ఫినైటాయిన్, కార్బమజపైన్‌లను రక్తంలో పెంచుతుంది. రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉరుకులు పెట్టించి ఫినైటాయిన్‌ను తగ్గిస్తుంది. క్షయకు ఈ రెండూ కలిపే ఇస్తారు. ఎవరిలో ఎటు మొగ్గుతుందో రక్తం చూస్తేనే తెలుస్తుంది. క్షయ మందులు మొదలుపెట్టినప్పుడే కాదు, కోర్సు ముగించి ఆపినప్పుడూ తేడా వస్తుంది.

గొంతునొప్పికో జ్వరానికో రాసే ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్‌లు కార్బమజపైన్‌ను పెంచేస్తాయి. ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్ ఫినైటాయిన్‌ను పెంచుతుంది. ఆస్పత్రుల్లో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లకు ఇచ్చే మెరోపెనెమ్ ఇంజెక్షన్ వాల్‌ప్రోయేట్‌ను ఒకట్రెండు రోజుల్లోనే బాగా పడగొడుతుంది.

'ఆయుర్వేదమేగా, ఏమీ కాదు' అనుకోవడమూ పొరపాటే. జ్ఞాపకశక్తికి మంచిదని వాడే శంఖపుష్పి మందు ఫినైటాయిన్ స్థాయిని తగ్గిస్తుందని ముంబయి పరిశోధకులు 1992లో తేల్చారు. అదుపులో ఉన్న రోగులకు మళ్లీ ఫిట్స్ రావడంతో అనుమానమొచ్చి ఎలుకల మీద పరీక్షించారు. ఏ వైద్యమైనా సరే, వాడుతున్న మందులన్నీ డాక్టరు ముందు పరచాల్సిందే.

అమ్మ కాబోతుంటే...

గర్భం దాల్చాక ఒంట్లో రక్తం పెరుగుతుంది, కాలేయం, కిడ్నీలు చురుకవుతాయి. అదే మాత్ర వేసుకుంటున్నా రక్తంలో మందు పడిపోతుంది. లామోట్రిజిన్‌లో ఈ పతనం మరీ ఎక్కువ. లెవిటిరాసిటామ్ కూడా తగ్గుతుంది. మామూలుగా లెవిటిరాసిటామ్‌కు ఈ పరీక్ష పెద్దగా అవసరం ఉండదు. కానీ గర్భిణి విషయం వేరు.

అమెరికాలో గర్భిణుల మీద చేసిన ఓ పెద్ద పరిశోధన 2020లో ప్రచురితమైంది. ఫిట్స్ పెరిగినవాళ్లు గర్భిణుల్లో 23 శాతం, గర్భిణులు కానివారిలో 25 శాతం. అంటే దాదాపు సమానం. అయితే కనీసం ఒక్కసారైనా మోతాదు మార్చాల్సి వచ్చింది గర్భిణుల్లో 74 శాతం మందికి, మిగతావారిలో 31 శాతానికి. కనిపెట్టుకుని సర్దుతూ పోతే ఫిట్స్ పెరగకుండా చూడొచ్చన్నమాట.

అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే, కుదురుగా ఉన్న రోజుల్లో ఓసారి రక్తపరీక్ష చేయించి ఆ అంకె రాసిపెట్టుకుంటే మంచిది. గర్భం వచ్చాక దానితో పోల్చుకోవచ్చు. కాన్పయ్యాక మోతాదును మళ్లీ తగ్గించడం మరిచిపోకూడదు. లేకపోతే పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి కళ్లు తిరిగి తూలే ప్రమాదం ఉంది. వాల్‌ప్రోయేట్ వాడుతున్న అమ్మాయిలైతే గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఆ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. అలాగని చెప్పాపెట్టకుండా ఆపేయడమూ ప్రమాదమే.

రక్తం ఎప్పుడివ్వాలి?

ఎప్పుడు పడితే అప్పుడు ఇచ్చిన రక్తంలో వచ్చిన అంకెకు అర్థం ఉండదు. మాత్ర వేసుకున్న రెండు గంటలకు తీస్తే ఎక్కువ, రాత్రంతా గడిచాక తీస్తే తక్కువ. అందుకే సాధారణంగా పొద్దుటి మాత్ర వేసుకునే ముందు ఇవ్వాలి. మాత్రను కూడా తీసుకెళ్లి, రక్తం ఇవ్వగానే వేసుకోవాలి. పరీక్ష పేరుతో ఆ పూట మందు ఎగ్గొట్టకూడదు. ఈ పరీక్ష ఒక్కటే అయితే పరగడుపున ఉండాల్సిన అవసరమూ లేదు. తూలడం, మగతలాంటివి ఉంటే మాత్రం ఆ లక్షణాలు ఉన్నప్పుడే తీయాలి.

మోతాదు మార్చిన మర్నాడే పరీక్షకు పరిగెత్తినా లాభం లేదు. కొత్త మోతాదు రక్తంలో కుదురుకోవాలి. లెవిటిరాసిటామ్‌కు రెండు రోజులు చాలు. వాల్‌ప్రోయేట్‌కు మూడు నాలుగు రోజులు. ఫినైటాయిన్‌కు వారం నుంచి రెండు వారాలు. గార్డినాల్ పేరుతో దొరికే ఫినోబార్బిటోన్‌కు దాదాపు మూడు వారాలు. కార్బమజపైన్ మరీ చిత్రం. తనను విరిచే ఎంజైములను తానే పెంచుకుంటుంది. మొదలుపెట్టిన కొన్ని వారాల్లో దాని స్థాయి దానంతటదే తగ్గుతుంది.

చిన్న ఊళ్లలో రక్తం తీసి నగరంలోని లేబొరేటరీకి పంపుతుంటారు. అలాంటప్పుడు చీటీ మీద నాలుగు సంగతులు రాయించండి. మందు పేరు, రోజు మోతాదు, చివరి మాత్ర వేసుకున్న వేళ, రక్తం తీసిన వేళ. ఇవి లేని అంకె ఊరూపేరూ లేని ఉత్తరంలాంటిది. పాత రిపోర్టులు పారేయొద్దు. ఫిట్స్ వచ్చిన తేదీలు ఓ పుస్తకంలో రాసుకుని రిపోర్టుతోపాటు చూపించండి. డాక్టరుకు ఆ రెండూ పక్కపక్కనే కావాలి.

ఇక ఈ పరీక్ష రాసినప్పుడు 'దీంతో ఏం తెలుసుకోవాలనుకుంటున్నారండీ?' అని డాక్టరును నిరభ్యంతరంగా అడగొచ్చు. ఫిట్స్ ఎందుకు తిరగబెట్టాయి, తూలడం మందువల్లేనా, కొత్త మందుతో పేచీ వచ్చిందా, గర్భంలో మోతాదు సరిపోతోందా... ఇలా ఏదో ఒక ప్రశ్న ఉంటే పరీక్ష ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుంది. జవాబు ఏది వచ్చినా ఒక్క నియమం మాత్రం మారదు. రిపోర్టు చూసుకుని సొంతంగా మాత్ర పెంచకూడదు, తగ్గించకూడదు, మానకూడదు. రక్తంలో ఎంత మందు ఉందో అంకె చెబుతుంది. ఎంత చాలో చెప్పాల్సింది మాత్రం ఆ మందు వేసుకుంటున్న మనిషే!